తొందరపడ్డ సాక్ష్యం

ఫిబ్రవరి 3

అక్కా,

వందనాలు. ఇది చదివి కంగారుపడకు. ఇలా మొదలుపెడితే తప్పకుండా కంగారుపడతావని తెలుసు. ఇంకెలా మొదలుపెట్టాలో తోచక ఇప్పటిదాకా కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను. నా గొంతులో గడ్డ ఉందట.

ఉందట అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, అదిగో తెర మీద చూడండి అన్నాడు. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. చూసింది నీ మరదలే. ఇంటికొచ్చాక ఎలా ఉందని అడిగితే, అచ్చం మీలాగే ఉంది, గుండ్రంగా, కదలకుండా, ఎవరిమాటా వినేలా లేదు అంది. నన్ను నవ్వించడానికే అంది. అనేసి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఇవతలికి రాలేదు.

కొన్నాళ్ళు మందులు వాడి, గొంతుకి విశ్రాంతి ఇచ్చి చూద్దామన్నాడు డాక్టరు. తగ్గకపోతే కోసి తీయాలి. తీశాక గొంతు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. అంతవరకూ ఉద్యోగానికి తప్ప నోరు విప్పకూడదట. అందుకే ఫోను మానేసి ఈ ఉత్తరం. నా ఉద్యోగమేమో నోరు విప్పడమే కదా. బస్టాండులో ఆ అద్దాల గదిలో కూర్చుని ఫలానా బస్సు ఫలానా చోట సిద్ధంగా ఉందని నేను చెప్పకపోతే బస్సు కదలదనీ, లోకం అక్కడే ఆగిపోతుందనీ ఇన్నేళ్ళూ లోపల్లోపల నమ్ముతూ వచ్చాను. ఆదివారం మందిరంలో పాట ఎత్తుకునేదీ నేనే. ఇంట్లో తప్ప అన్నిచోట్లా నా గొంతుకి మర్యాద ఉంది.

ఇప్పుడు పాట, మందిరంలో కీబోర్డు వాయించే తాతగారి చేతికి పోయింది. ఆయన ఎత్తుకున్న స్థాయిలో పాడాలంటే సంఘమంతా బల్లలెక్కి నిలబడాలి.

హాస్యం సరే. నాకు భయంగా ఉందక్కా. చచ్చిపోతానని కాదు. గొంతు పోతే నేనెవరినో నాకు తెలియదు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూస్తే ఆ గొట్టమే కనబడుతుంది. శాంతి, సమాధానం అని ప్రతి వారం మైకులో పాడినవాణ్ణి, అవి ఎక్కడ దొరుకుతాయో ఎవరినైనా అడగాలంటే సిగ్గేస్తోంది. నిన్నడగడానికి సిగ్గు లేదు. బావ పోయిన రోజున నువ్వు పెట్టె పక్కన కన్నీళ్ళు పెట్టకుండా నిలబడి, వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందించావు. ఆ నెమ్మది, ఆ సమాధానం నీకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏం చేస్తే వస్తుందో రాయి. అర్థమయ్యేలా రాయి, నా సంగతి నీకు తెలుసుగా.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 10

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం లాండ్రీకి వచ్చింది. ఇంటి అడ్రసు రాయమని ఎన్నిసార్లు చెప్పాలి? ఆస్పత్రి నేలమాళిగలో, ఇస్త్రీ మెషీను పక్కన, ఆవిరిలో నిలబడి చదివాను. కాగితం మెత్తబడిపోయి ‘గడ్డ’ దగ్గర సిరా అలుక్కుంది. నేను ఏడ్చానని ఊహించుకోకు, ఆవిరే.

నీ మరదలు అని రాస్తావు కానీ ఆ పిల్లని నేను కూతురిలా చూసుకున్నాను. దానికి నా మాటగా చెప్పు, మెత్తగా వండి పెట్టమని. నువ్వు అలిగి పస్తుంటే రెండు తగిలించమని కూడా చెప్పు.

ఇక నువ్వడిగింది. నేను చేసేది చెబుతాను. పొద్దున్న లేవగానే, అడగబోయేది జరిగిపోయినట్టే అనుకుని ముందుగా స్తోత్రం చెబుతాను. అడుక్కోవడం తర్వాత. నువ్వూ అలాగే, గొంతు బాగైతే ఎలా కృతజ్ఞత చెబుతావో అలా ఇప్పుడే చెప్పు. గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, మోకాళ్ళ మీద చెప్పు. ఒక్కడివే. ఈ చివరి మాట రెండుసార్లు చదువుకో, ఎందుకంటే ఒంటరిగా ఉండి ఏ పనీ చేయలేని జబ్బు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

కోయాల్సి వస్తే నేను వస్తాను. ఇప్పుడే మా ఆఫీసరుని సెలవడిగి పెట్టుకున్నాను. దుప్పట్లు ఉతికేదానికి ఇంత తొందరేమిటమ్మా అన్నాడు. మా తమ్ముడి గొంతు సంగతి అన్నాను. ఆపరేషను గది దుప్పట్లు రోజూ నా చేతి మీదుగానే వెళతాయి. అక్కడ పడుకున్నవాళ్ళలో చాలామంది లేచి ఇంటికి వెళ్ళారు. కాబట్టి కోతంటే హడలిపోకు.

నేను బాగానే ఉన్నాను. నాకేం?

నీ అక్క


ఫిబ్రవరి 24

అక్కా, అక్కా,

స్తోత్రం. పైన రెండుసార్లు పిలిచింది కంగారుతో కాదు, సంతోషంతో.

నువ్వు చెప్పినట్టే చేశాను. రోజూ తలుపు వేసుకుని ముందుగా కృతజ్ఞత చెప్పాను. మొదట్లో ఎవరో వింటారేమోనని సిగ్గుపడ్డాను. గదిలో నేనొక్కణ్ణే కదా, దేవుడు కూడా వింటున్నాడా అని అనుమానం వచ్చింది. అయినా మానలేదు. ఈ బుధవారం లేచేసరికి గొంతు తేలిగ్గా ఉంది. గురువారం నీళ్ళు తాగితే నొప్పి లేదు. శుక్రవారం స్నానం చేస్తూ ఒక చరణం అందుకున్నాను, పై స్థాయి దాకా ఆటంకం లేకుండా వెళ్ళింది. నీ మరదలు తలుపు కొట్టి, పాడొద్దన్నారుగా అని అరిచింది. తాళాలు వేసింది ప్రభువు, తీసింది ప్రభువు అని లోపల్నుంచి జవాబిచ్చాను. ఒళ్ళంతా నురగతో అంత పెద్ద మాట అన్నవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఈ రోజు మందిరంలో పాస్టరు గారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అన్నారు. నేను లేవాలనుకోలేదు. లేచాక చూసుకుంటే నిలబడి ఉన్నాను. ఒక్కమాట చెప్పి కూర్చుందామనుకున్నాను. మైకు చేతికొచ్చేసరికి నాకు ఒళ్ళు తెలియదని నీకు తెలుసుగా. గడ్డ కరిగిపోయిందని చెప్పాను. మంచులా కరిగిపోయిందని చెప్పాను. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళడం అవిశ్వాసం అవుతుంది కనుక వెళ్ళనని కూడా చెప్పాను. సంఘమంతా చప్పట్లు. కీబోర్డు తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత పాట ఎత్తుకున్నాను. అంత బాగా ఎప్పుడూ పాడలేదని నేనే అనుకున్నాను, ఇతరులు చెప్పేదాకా ఆగలేకపోయాను.

నీ మరదలు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఇంటికొచ్చాక, ఒకసారి చూపించుకుని చెప్పాల్సింది అంది. ఆమె విశ్వాసం కోసం ప్రార్థన చెయ్యి.

గాల్లో తేలుతున్న
నీ తమ్ముడు


మార్చి 5

నా బంగారు తమ్ముడూ,

ఈసారి ఏడ్చాను, ఆవిరి కాదు.

నీ ఉత్తరం పట్టుకుని లాండ్రీ అంతా తిరిగాను. దుప్పట్లు మడతపెట్టేవాళ్ళకి చదివాను, లెక్క చూసేవాడికి చదివాను, ట్రాలీ తోసేవాణ్ణి ఆపి మరీ చదివాను. ఆదివారం మా మందిరంలో లేచి చెప్పాను. నేనెప్పుడూ సాక్ష్యం చెప్పలేదు కదా, మా పాస్టరమ్మ ఆశ్చర్యపోయి మైకు నా చేతికిచ్చేసింది. నీకొచ్చిన మైకు జబ్బు మన ఇంటి జబ్బే అయ్యుండాలి, నాకు ఇంత ఆలస్యంగా పట్టింది.

నీకో సంగతి చెప్పాలి. ఇస్త్రీ మెషీను దగ్గర నాకు ఎదురుగా నిలబడే మనిషి ఉంది. నేను దుప్పటి లోపలికి తోస్తే అవతల అందుకుంటుంది. ఆమె కూతురికి మూత్రపిండాల జబ్బు. ఎన్నిసార్లు పిలిచినా ప్రార్థనకు రాలేదు, దేవుడు నా ఇంటి దారి మర్చిపోయాడమ్మా అనేది. నీ ఉత్తరం విన్నాక మొదటిసారి వచ్చి వెనక వరసలో కూర్చుంది. చూశావా, నీ గొంతు ఎంత దూరం వినబడిందో.

అందుకని మేమంతా కలిసి ఒకటి నిర్ణయించాం. ఏప్రిల్ మొదటి ఆదివారం నువ్వొచ్చి మా మందిరంలో సాక్ష్యం చెప్పాలి, పాడాలి. గేటు దగ్గర బోర్డు కూడా పెట్టించారు, ‘స్వస్థత పొందిన గాయకుడు’ అని. పెద్ద అక్షరాలు. ఆ మనిషి తన కూతుర్ని తీసుకొస్తానంది.

నీ ఆపరేషనుకని పెట్టుకున్న సెలవు ఇక దేనికని, దాన్ని వదిలేసుకున్నాను. ఆ వారం ఇంకొకామె తీసుకుంది.

టిక్కెట్టు తీసుకుని రాయి.

గర్వంతో,
నీ అక్క


మార్చి 12

అక్కా,

వందనాలు. నీ ఉత్తరం అందింది, చాలా సంతోషం. అందరికీ నా వందనాలు చెప్పు.

ఏప్రిల్ మొదటి ఆదివారం సంగతి. రావాలనే ఉంది. కానీ నా బదులు అనౌన్సు చేసే అతను సెలవులో ఉన్నాడు. పైగా బస్సుల వేళలు మారుస్తున్నారు. పైగా నీ మరదలికి మోకాళ్ళ నొప్పులు. పైగా ఇక్కడ దుమ్ము ఎక్కువగా ఉంది. దుమ్ముకి గొంతు కొంచెం బొంగురుపోయింది, అంతే, గడ్డ సంగతి కాదు. దుమ్ము తగ్గగానే తగ్గిపోతుంది.

పోయిన ఆదివారం పాట మధ్యలో గొంతు పట్టేసింది. ఎంత లాగినా రాలేదు, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. సంఘంవాళ్ళు నేను ఆత్మతో నిండి ఏడుస్తున్నాననుకున్నారు. పాస్టరు గారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కూడా ఏడ్చారు. ఆయన ఏడుస్తుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది కాబట్టి అది పూర్తిగా అబద్ధం అనడానికీ లేదు. ఏమైనా కూడిక చాలా బాగా జరిగిందని అందరూ అన్నారు.

బోర్డు తీయించడం కుదురుతుందా? పెద్ద అక్షరాలు నాకు మొదటి నుంచీ ఇష్టం ఉండదు.

ఆ మెషీను దగ్గరి ఆమె కూతురు ఎలా ఉంది?

నీ తమ్ముడు


మార్చి 19

ఒరే,

పెద్ద అక్షరాలంటే నీకు ఇష్టం ఉండదా? బడిలో నాటకానికి నీ పాత్ర పేరు చిన్నగా రాశారని గోడ మీద నువ్వే బొగ్గుతో దిద్దుకున్నావు. ఎవరితో చెబుతున్నావు ఈ మాటలు?

నాకు అర్థమైందిలే. దుమ్ము, వేళలు, మోకాళ్ళు. జబ్బు వచ్చినప్పుడు అక్క కావాలి, భయమేస్తే అక్క కావాలి. తగ్గాక, నేలమాళిగలో బట్టలుతికే ఆడవాళ్ళ ముందు పాడటానికి మాత్రం తీరిక లేదు. పెద్దవాడివయ్యావు. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇక్కడికొస్తే ఆవిరి తప్ప ఏముంది?

ఆ పిల్ల ఎలా ఉందని అడిగావు. బాగా లేదు. వాళ్ళమ్మ ఇప్పుడు రోజూ మెషీను అవతలి నుంచి అడుగుతుంది, మీ తమ్ముడు ఎప్పుడొస్తారు, ఆయన ఎలా ప్రార్థన చేశారు, ఏ మాటలు అన్నారు, ఆ మాటలే నేను కూడా అంటాను అని. నేనేం చెప్పాలి? దుమ్ము తగ్గాక వస్తాడని చెప్పనా?

బోర్డు తీయించను. నువ్వు రాకపోయినా అది అక్కడే ఉంటుంది.

అక్క


మార్చి 25

అక్కా,

గడ్డ అలాగే ఉంది.

ఈ ముక్క ముందే రాసేస్తున్నాను, తర్వాత రాద్దామనుకుంటే మళ్ళీ దుమ్ము దగ్గరికి వెళ్ళిపోతాను. అలాగే కూడా లేదు, ఇంకొంచెం పెద్దదైంది. మందులకీ విశ్రాంతికీ నాలుగు రోజులు వాపు తగ్గితే నేను దాన్ని అద్భుతం చేసేశాను. సాక్ష్యం చెప్పినప్పుడు అబద్ధమాడాలని ఆడలేదు, నన్ను నమ్ము. ఆ రోజు నిజంగానే నమ్మాను. తర్వాతి వారం గొంతు మళ్ళీ పూడుకుపోయినప్పటి నుంచీ చేసిందంతా అబద్ధమే. తల మీద తువ్వాలు కప్పుకుని, సంఘంవాళ్ళెవరూ లేరని చూసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు తిట్టకుండా తేదీ రాసిచ్చాడు. ఆపరేషను ఏప్రిల్ రెండో వారంలో, మీ బోర్డు మీది తేదీ అయిన వెంటనే. స్వస్థత పొందిన గాయకుడికి కోత.

బైబిల్లో ఒక యాజకుడు దేవదూత మాట నమ్మనందుకు మూగవాడయ్యాడు. నా కథ తిరగబడింది. నేను తొందరపడి నమ్మేశాను, నమ్మి ఊరుకోకుండా మైకులో చెప్పాను.

నిజం చెప్పేస్తే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు అవుతుందని భయపడ్డాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆయనేదో నా మీద ఆధారపడ్డట్టు. అందుకని ప్రతి ఆదివారం గొంతు చించుకుని పాడటం, పట్టేసినప్పుడల్లా కళ్ళు మూసుకుని చేతులెత్తడం. నీ మరదలు నాతో మాట్లాడటం మానేసింది. బస్టాండులో బస్సు పేరు సగంలో ఆగిపోయి జనం తలలెత్తి స్పీకరు వైపు చూసేవాళ్ళు.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నువ్వు తిట్టింది చదివి బాధపడ్డాను కానీ తట్టుకున్నాను. ఆ తల్లి నేను ప్రార్థనలో ఏ మాటలు అన్నానని అడుగుతోందన్న చోట మాత్రం ఇక కూర్చోలేకపోయాను. ఆమెకి ఏ మాటలు పంపను?

పోయిన ఆదివారం సాక్ష్యాల వేళకి లేచాను. పాస్టరు గారు సంతోషంగా మైకు ఇచ్చారు. గడ్డ పోలేదండీ, దేవుడు అబద్ధమాడలేదు, నేనాడాను, నాకు భయంగా ఉంది అన్నాను. అంతే అన్నాను, గొంతు అంతవరకే వచ్చింది. నా జీవితంలో మైకు పట్టుకున్నాక అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. కీబోర్డు తాతగారు మీటల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నచోటు నుంచే, “మాకు తెలుసు నాయనా. నీ పాట వింటున్నాం కదా,” అన్నారు.

బుధవారాలు ఆయన ఇంట్లో కొందరు నా గడ్డ కోసం ప్రార్థన చేస్తున్నారట, నాకు తెలియకుండా, నా పరువు పోకూడదని. నీ మరదలు కూడా వెళుతోందట. మోకాళ్ళ నొప్పులని రాశాను చూడు, అవి నేను కల్పించినవే, మోకరించి మోకరించి నిజంగానే వచ్చాయి పాపం. పాస్టరు గారికి మాత్రం ఎవరూ చెప్పలేదట. ఆయన ముఖం చూస్తే జాలేసింది, మొన్న నాతో కలిసి ఏడ్చింది గుర్తొచ్చినట్టుంది. నీ నోటితో నువ్వే జబ్బు మళ్ళీ తెచ్చుకున్నావని ఒక పెద్దాయన కోపగించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళనీ. ఇంతకాలం నేను కూడా ఆయనలాగే మాట్లాడాను.

తర్వాత ఇంటికొచ్చి అన్నం తిని, కుర్చీలో కూర్చుని, నిద్రపోయాను. అదేనక్కా నేను చెప్పాలనుకున్నది. వారాల తరబడి కంటి మీద కునుకు లేనివాణ్ణి, పట్టపగలు నోరు తెరుచుకుని నిద్రపోయాను. గుర్రు పక్కింటికి వినబడిందట. గడ్డ ఉంది, కోత ఉంది, పరువు లేదు. తుఫానులో పడవ మునుగుతుంటే తలగడ మీద నిద్రపోయిన ప్రభువు గురించి ఎన్నిసార్లు పాడానో. ఆయన్ని లేపడానికే పాడాను కానీ పక్కన చోటుందేమో చూడలేదు.

నువ్వు నన్ను క్షమించాల్సిన అవసరం లేదు. ఆ తల్లికి మాత్రం చెప్పు. నాకు దాచిపెట్టుకున్న మాటలేవీ లేవని చెప్పు.

నీ తమ్ముడు


మార్చి 30

ఒరే తమ్ముడూ,

మొదట నీ ఉత్తరం ఉండచుట్టి మాసిన బట్టల గుట్టలోకి విసిరాను. తర్వాత దాన్ని వెతకడానికి గుట్ట మొత్తం తిరగేశాను. కాబట్టి ఎంత కోపమొచ్చిందో, ఎంతసేపు ఉందో నీకే తెలుస్తుంది.

ట్రాలీ తోసేవాణ్ణి కూడా ఆపి చదివానురా. వాడిప్పుడు నన్ను చూస్తే దారి మార్చుకుంటున్నాడు.

శుక్రవారం కూడికకి మందిరంలో లేచి చెప్పాను, మా తమ్ముడికి తగ్గలేదు, నేను కనుక్కోకుండా చెప్పాను అని. బోర్డు నేనే వెళ్ళి దించాను. తర్వాత లాండ్రీలో మెషీను ఆపి ఆ మనిషికి చెప్పాను. ఇక ఆమె మందిరం గడప తొక్కదని అనుకున్నాను. ఆమె దుప్పటి అంచు మడిచి పెట్టి, “అయితే ఆయనకీ భయమేనా?” అంది. అవునన్నాను. బాగైపోయినవాళ్ళ మధ్య కూర్చుంటే ఊపిరాడేది కాదమ్మా, నా పిల్లకే ఎందుకు తగ్గలేదని, అంది. నువ్వెప్పుడు ఆపరేషనుకి వెళతావో అడిగి తెలుసుకుంది. ఆ రోజు నీ కోసం ప్రార్థన చేస్తుందట. ఏ మాటలో మాత్రం తనకీ తెలియదంది.

ఇక నీ మొదటి ఉత్తరంలో అడిగినదానికి నేను సరిగ్గా జవాబివ్వలేదు. మీ బావ పోయిన రోజున నేను మంచినీళ్ళిచ్చానని రాశావు. అది శాంతీ సమాధానమూ కాదురా. చేతులాగితే పడిపోతానని. గ్లాసు కడగడం, నింపడం, అందివ్వడం, అంతే. అప్పటి నుంచీ దుప్పట్లతో చేస్తున్నదీ అదే. నువ్వు నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటున్నావని, నాకు లేనిదాన్ని ఉత్తరంలో పెట్టి పంపాను. నాకేం అని రాశాను చూడు, ఆ మాట రాశాక బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నా నమ్మకం ప్రభువు మీద అనుకున్నాను, తీరా చూస్తే నీ గొంతు మీద ఉంది. నీకు తగ్గితే ఆయన ఉన్నట్టు, తగ్గకపోతే లేనట్టు. ఇది తెలిశాక ఏడుపొచ్చింది, ఆ తర్వాత మాత్రం గుండెలో ఏదో సర్దుకుంది. ఎందుకో అడక్కు, నాకు వివరించడం రాదు.

సెలవు అడిగాను. ఆ వారం తీసుకున్నామె తిరిగి ఇచ్చింది. బుధవారం బస్సుకి వస్తున్నాను. ఏ చోట ఆగుతుందో నువ్వు చెప్పొద్దు, నేనే చూసుకుంటాను.

నీ అక్క


మే 6

అక్కా,

వందనాలు. నువ్వు వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నువ్వున్నన్నాళ్ళూ పలక మీద నేనొక మాట రాస్తే నువ్వు పది మాట్లాడేదానివి, నా వంతు కూడా. ఆస్పత్రి పక్క మీద దుప్పటి అంచు పట్టి చూసి, ఇది సరిగ్గా ఇస్త్రీ కాలేదని నర్సుతో వాదించావు చూడు, మత్తు దిగుతున్న నాకు మొదట వినబడింది అదే. బతికే ఉన్నానని అలా తెలిసింది.

శుక్రవారం డాక్టరు చివరిసారి పరీక్ష చేశాడు. ఈసారి డాక్టరు చెప్పాకే రాస్తున్నాను, నీ మరదలు పక్కన కూర్చుని ప్రతి అక్షరం చూస్తోంది. గడ్డ చెడ్డది కాదట. మళ్ళీ రాదట. గొంతు మాత్రం ఇంతే. గుసగుస వరకూ వస్తుంది. పాట ఇక రాదు.

బస్టాండులో నన్ను తీసేయలేదు. ప్రయాణికులు మర్చిపోయిన సామాన్లు దాచే గదికి మార్చారు. పోగొట్టుకున్నవాటికి కాపలాకి సరైనవాణ్ణే చూసి వేశారు. అద్దాల గదిలో ఇప్పుడొక అమ్మాయి కూర్చుంటోంది. నాకన్నా బాగా చెబుతుంది. బస్సులు వేళకే కదులుతున్నాయి, ఆ విషయం నేను ఇంకా జీర్ణించుకోవాలి.

ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటున్నానని అనుకోకు. మొన్న స్నానం చేస్తూ అలవాటు కొద్దీ చరణం ఎత్తుకున్నాను. గాలి వచ్చింది, అంతే. కుళాయి తిప్పి ఉంచి కాసేపు ఏడ్చాను. అయితే ఏడుపులో కూడా కింద నేల ఉన్నట్టే ఉంది, ఇదివరకు ఉండేది కాదు. నీలాగే నాకూ వివరించడం రాదు. ఆ తల్లికి చెప్పు, రోజూ ఆ పిల్లని తలుచుకుంటున్నానని. గుసగుసగానే.

ఈ ఆదివారం మందిరానికి వెళ్ళాను. మధ్య వరసలో కూర్చున్నాను. తాతగారు పాట ఆకాశంలో ఎత్తుకున్నారు, జనం సగంలో వదిలేసి కిందికి దిగారు, మళ్ళీ అందుకున్నారు, ఎలాగో చివరికి చేరారు. నా చేతులు కదిలాయి కానీ తొడ కింద పెట్టుకున్నాను.

సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని అడిగి, పాస్టరు గారు నా వైపు చూడకుండా ఎంతో జాగ్రత్తపడ్డారు. నేను లేచాను. ఆయన ముఖంలో రంగు మారింది. నీ మరదల్ని కూడా లేవమన్నాను. నేను ఆమె చెవిలో చెబుతాను, ఆమె పైకి చెప్పాలి. అది ఇంట్లో అనుకున్నదే.

గడ్డ తీసేశారు, అన్నాను. చెప్పింది. గొంతు తిరిగి రాదట, అన్నాను. అది కూడా చెప్పింది. మూడో మాట చెవిలో చెప్పాను. ఆమె నోరు తెరిచింది కానీ చెప్పలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. ఇక నేనే చెప్పాల్సి వచ్చింది. నాకున్న గొంతుతోనే చెప్పాను.

వెనక వరసలో చెవులు సరిగా వినబడని ముసలావిడ పక్కావిడని, ఏమన్నాడే అని అడిగింది. పక్కావిడ ఆమె చెవి దగ్గరికి వంగి, “బాగున్నాడట,” అని చెప్పింది.

నీ తమ్ముడు